పక్కింటి ఫ్రిజ్జులో మందు సీసా

మా మామ పోయినప్పుడు మా ముఖం మీద ఎవరూ ఏమీ అనలేదు. పెరట్లో బావి దగ్గర కాళ్లు కడుక్కుంటూ ఇద్దరు మగవాళ్లు అనుకున్న మాటలు మాత్రం నా చెవిన పడ్డాయి.

"తాగనోనికి కార్జం యాడ సెడిపోతాదప్పా?"

"గుట్టుగా తాగుంటాడులే అబ్బా. నామాలు పెట్టుకునేవాళ్లు బజార్లో నిలబడి తాగుతారా?"

మామ అమ్మకు ఒక్కడే తమ్ముడు. చిత్తూరులో ఒక ఆఫీసులో గుమాస్తాగా ఉండేవాడు. పొద్దున నామం దిద్దుకోకుండా మంచినీళ్లు కూడా ముట్టని మనిషి. నలభై దాటాయో లేదో, పొట్ట ఉబ్బింది. కళ్లు పచ్చబడ్డాయి. కుడి డొక్కలో రాయిలాంటి గడ్డ చేతికి తగిలేది. కార్జానికి, అంటే కాలేయానికి, కేన్సరు అన్నారు. ఆ మాట చెప్పిన కొన్నాళ్లకే పోయాడు. ఆ బావి దగ్గర మాటలు అమ్మ కూడా విన్నదని నాకు చాలా రోజుల తర్వాత తెలిసింది. తెలిసేలా ఆమె చెప్పలేదు. మా ఇంటి ముందు ఎవరైనా నలుగురు నిలబడి నవ్వుకుంటుంటే తలుపు వేసేసేది, అంతే.

అది జరిగిన రెండో సంవత్సరం అక్క కడుపుతో ఉంది. అక్కను పలమనేరులో ఇచ్చారు. బావ అక్కడ బడిపంతులు. సీమంతం అయ్యాక పురిటికి తిరుపతిలో మా ఇంటికి తీసుకొచ్చాం. నాయన గుడి ఆఫీసులో పని చేస్తాడు. నేను డిగ్రీ ముగించి ఇంట్లో ఉన్నాను. నలుగురిలో నోరు తెరవాలంటే నాకు భయం. అందువల్ల నాకు పుస్తకాలు ఎక్కువ, స్నేహితులు తక్కువ. బియ్యం ఏరుతూ చేట కింద పుస్తకం పెట్టుకుని చదివేదాన్ని. అమ్మకు తెలుసు; తెలియనట్టు ఉండేది.

అక్కకు రక్తం తక్కువగా ఉందని, కాన్పు వేళ ఎక్కించాల్సి రావచ్చునని, నర్సింగ్‌హోము డాక్టరమ్మ ముందుగానే అన్ని పరీక్షలూ రాసిచ్చింది. ఫలితం వచ్చిన రోజు మమ్మల్నందరినీ లోపలికి పిలిచింది.

"అమ్మాయి రక్తంలో ఒక రకం కామెర్ల క్రిమి ఉంది," అంది.

అమ్మ అక్క కింది కనురెప్ప లాగి చూసింది. "కామెర్లా? దీని కండ్లు తెల్లగానే ఉండాయి కదమ్మా."

"కండ్లు పచ్చబడాలని లేదమ్మా. కొందరికి ఏ బాధా తెలియకుండా ఏళ్ల తరబడి రక్తంలోనే ఉండిపోతుంది. మీ ఇంట్లో ఎవరికన్నా కార్జం జబ్బు చేసిందా?"

అమ్మ తల వంచుకుంది. నాయన గొంతు సవరించుకుని, "ఈమె తమ్ముడు, డాక్టరమ్మా. కేన్సరన్నారు," అన్నాడు.

"తాగేవాడా?"

అమ్మ చటుక్కున తలెత్తింది. "తీర్థం తప్ప ఇంకోటి ఎరగడు నా తమ్ముడు. ఎవురేమన్నా సరే."

"కోప్పడొద్దమ్మా, అందుకే అడిగినాను. తాగకపోయినా ఈ క్రిమి వల్ల కార్జం గట్టిపడొచ్చు, కొందరికి కేన్సరు కూడా రావొచ్చు. మీ అమ్మ నుంచి మీ ఇద్దరికీ, మీ నుంచి ఈ అమ్మాయికీ కాన్పులోనే వచ్చుండొచ్చు. ఎవరి తప్పూ లేదు."

అమ్మ, "ఇంకొకసారి చెప్పండమ్మా," అంది.

డాక్టరమ్మ విసుక్కోకుండా మళ్లీ మొదటి నుంచి చెప్పింది. అమ్మ కొంగుతో కళ్లు ఒత్తుకుని, "మీరొక తూరి మా వీధికొచ్చి ఇదే మాట చెప్తే బాగుంటాది," అంది. డాక్టరమ్మ నవ్వింది. నాయనా నవ్వాడు. అక్క నవ్వలేదు. రెండు చేతులూ కడుపు మీద పెట్టుకుని కూర్చుంది.

"అయితే నా బిడ్డకు?" అంది.

ఆ ప్రశ్నతోనే మా ఇంట్లో మిగతా విషయాలన్నీ వెనక్కి పోయాయి.

డాక్టరమ్మ చెప్పినది నేను ఆ సాయంత్రమే డైరీలో రాసుకున్నాను కాబట్టి దాదాపు ఆమె మాటల్లోనే చెప్పగలను. పెద్దవాళ్లకు ఈ క్రిమి సోకితే చాలామంది శరీరం దాన్ని తరిమేస్తుంది. పుట్టుకలో సోకిన పసిబిడ్డకు ఆ శక్తి ఉండదు. అది జీవితాంతం ఉండిపోతుంది. మామకు అలాగే ఉండిపోయింది. అయితే ఇప్పుడు దీనికి టీకా వచ్చింది. బిడ్డ పుట్టిన రోజే తొడకు ఒకటి వేయాలి, నెల తర్వాత ఇంకొకటి, ఆరో నెలలో మూడోది. తిరుపతిలో దొరకదు, మద్రాసు నుంచి తెప్పించాలి. దాంతోపాటు వేయాల్సిన ఇంకొక సూది ఉందిగాని, అది మద్రాసులో కూడా దొరకడం కష్టం. "నూటికి నూరని నేను చెప్పలేను. కానీ ఇదొక్కటి వేళకు పడితే చాలామటుకు బిడ్డ బయటపడుతుంది," అంది. తర్వాత వేలెత్తి మరీ చెప్పింది: "చల్లగా ఉంచాల. గడ్డ మాత్రం కట్టనీకూడదు. ఎండ తగలకూడదు, ఐసూ తగలకూడదు."

ఆ చివరి మాట చెప్పేటప్పుడు అమ్మ అక్క చీర కుచ్చిళ్లు సర్దుతోంది. నాయన మద్రాసులో ఎవరున్నారా అని ఆలోచిస్తున్నాడు. విన్నది నేనొక్కదాన్నే అయ్యాను.

మా అందరి రక్తమూ చూశారు. అమ్మలో ఉంది. నాలో లేదు. ఒక కడుపున పుట్టిన ఇద్దరిలో అక్కకు ఎందుకు వచ్చింది, నాకు ఎందుకు రాలేదు అని అడగాలనుకున్నాను, నోరు రాలేదు. అడక్కుండానే డాక్టరమ్మ, "అందరికీ రావాలని లేదు పాపా," అంది.

అమ్మకూ అక్కకూ చెప్పిన జాగ్రత్తలు వేరు. ఎక్కడ సూది వేయించుకున్నా మన సూది మనం తీసుకెళ్లి, కళ్లెదుట ఉడకబెట్టించాలి. కామెర్లకని ఎవరు ఆకుపసరు ఇచ్చినా తాగకూడదు. ఆరు నెలలకొకసారి వచ్చి చూపించుకోవాలి. చివరగా, బూజు పట్టిన చెనక్కాయలు, అదే వేరుశనగకాయలు, తినకూడదు.

మొదటివన్నీ అమ్మ తల ఊపి ఒప్పుకుంది. చెనక్కాయల దగ్గర ఆగింది. పూతలపట్టు పక్కన నాయనకు కొంచెం మెట్టచేను ఉంది. ఏటా మంచి కాయలు మండీకి పోతాయి. వానకు తడిసినవి, ముడతపడినవి, నల్లమచ్చలు వచ్చినవి ఇంటికి వస్తాయి. మా ఇంట్లోనే కాదు, చెనక్కాయలు పండించే ఏ ఇంట్లో అయినా అంతే. మిరపకాయలతో కలిపి వేయించి రోట్లో నూరితే ఆ ముక్కవాసన తెలియదని అమ్మ నమ్మకం.

"ఇన్నేండ్లు అదే కదా తిన్నాం," అంది ఇంటికి వచ్చాక, గోతాం ముందు కూర్చుని.

"అదే చెప్తా ఉండేది ఆమె," అన్నాడు నాయన. "ఆ బూజులో ఉండే విషం కార్జానికే పోతాదంట. క్రిమి ఉండేవాళ్లకు ఇంకా చెరుపంట."

"అట్లయితే ఆవుకన్నా పెడతా."

"ఆవుకూ వద్దన్నాది కదమే. ఆవు పాలు మళ్ల నువ్వే తాగుతావు."

అమ్మ ఆ పూట గోతామంతా కింద పోసి ఒక్కొక్క గింజా ఏరింది. పారేసే కుప్ప పెద్దదవుతుంటే ఆమె ముఖం చిన్నదయింది. నేనూ అక్కా ఆ కుప్పను గుంట తీసి పూడ్చాం. ఆ తర్వాత మా ఇంట్లో మంచి కాయలే రోట్లో ఉరుబిండి పచ్చడి అయ్యాయి. మొదటి రోజు నాయన వేలు నాకి, "ఇంత రుచిగా ఉంటాదని తెలీక మండీకి పంపేసినామే ఇన్నాళ్లు," అన్నాడు. అమ్మ ఆయన వైపు చూసిన చూపు నాకు ఇప్పటికీ గుర్తుంది.

బావ సెలవు పెట్టి మద్రాసు వెళ్లి మొదటి సీసా తెచ్చాడు. బొటనవేలంత సీసా. నోరు పెద్దదిగా ఉన్న ఫ్లాస్కులో పెట్టుకుని ఒళ్లోనే తీసుకొచ్చాడు. మా ఇంట్లో ఫ్రిజ్జు లేదు. మా వీధి మొత్తానికి పక్కింట్లో ఒక్కటే ఉండేది. ఆ ఇంటామెది నాయుడుపేట. నేను అత్తా అని పిలిచేదాన్ని. పెద్ద గొంతు, పెద్ద మనసు. ఫ్రిజ్జు తలుపు తీయగానే ఎదురుగా తలుపు గూళ్లలో వరసగా కోడిగుడ్లు.

అమ్మ వాకిట్లోనే నిలబడి లోపలికి చూసింది.

"మా గుడ్లు మీ మందును కరవవులే అక్కా," అంది అత్త. "ఇదిగో, నడిమి అరలో పెడతా. పాలగిన్నె పక్కన."

అమ్మ సరేనంది. కానీ ఆ రోజు నుంచీ ఆమెకు మనసు మనసులో లేదు. మా ఇంట్లో తళిగ, అంటే దేవుడికి ఆరగింపు పెట్టే వంట, తడిబట్ట కట్టుకుని చేస్తారు. అది అయ్యేదాకా పిల్లలు వంటింటి గడప కూడా తొక్కకూడదు. అలాంటి ఇంట్లో పుట్టే బిడ్డకు మొట్టమొదట ఒంట్లోకి పోయేది కోడిగుడ్ల పక్కన నానిన మందా అని ఆమె బాధ. ఎవరితోనూ అనలేదు. అత్త ఒక రోజు మాంసం తెచ్చి కింది అరలో పెట్టడం చూసిందట. మరునాడు అత్తతో మెల్లగా, "అమ్మా, పైన చిన్న గది ఉండాది కదా, ఐసుది. ఆడ ఏమీ పెట్టవు గదా? మా సీసా ఆడ పెట్టరాదా?" అని అడిగింది. అత్తకు ఇంకా చల్లగా ఉంటే ఇంకా మంచిదేగా అనిపించింది. పెట్టేసింది.

నేను రోజూ సాయంత్రం ఏదో వంకతో వెళ్లి సీసా చూసి వచ్చేదాన్ని. ఆ సాయంత్రం నడిమి అరలో లేదు.

"పైన ఉండాది పాపా," అంది అత్త. "మీ అమ్మ పెట్టమన్నింది."

ఐసు గది తలుపు తీశాను. సీసా అడుగు మంచుకు అతుక్కుని ఉంది. లాగితే వచ్చింది. లోపల మందు తెల్లగా బిగుసుకుపోయి ఉంది. సీసా తలకిందులు చేసినా కదల్లేదు.

ఇంటికి తెచ్చి బల్ల మీద పెట్టాను. మేము చూస్తుండగానే అది కరిగింది. నీళ్లలో పాలచుక్క కలిపినట్టు మళ్లీ మామూలుగా అయింది.

"ఇదిగో, సరిపోయింది గదా," అంది అమ్మ.

"గడ్డ కట్టకూడదని డాక్టరమ్మ చెప్పిందమ్మా," అన్నాను.

"నాతో చెప్పలేదే."

"అందరితో చెప్పింది."

నాయన సీసా ఎత్తి వెలుతురులో చూశాడు. "ముందు ఎట్ల ఉండిందో అట్లనే ఉండాది కదా పాపా. కరిగినాక తేడా ఏముంటాది?"

అక్క మంచం మీద నుంచి ఆ సీసానే చూస్తోంది. ఆమెకు కాన్పు రోజులు దగ్గరపడ్డాయి. ఎవరికీ మళ్లీ మద్రాసు అన్న మాట ఎత్తే ధైర్యం లేదు. అది పనికొస్తుందని అనుకోవడం అందరికీ సులువు. నాకూ సులువే. కానీ సీసాను ఊపి కాసేపు అలా వదిలేస్తే అడుగున సన్నని పలుకులు దిగడం చూశాను, విరిగిన పాలలో లాగా. బావ తెచ్చిన రోజు కూడా నేను ఊపి చూశాను. అప్పుడు అలా దిగలేదు.

"నేను పోయి అడిగొస్తా," అన్నాను.

అమ్మ నన్ను వింతగా చూసింది. బంధువుల ఇంటికి వెళ్తే వంటింట్లోంచి బయటికి రాని దాన్ని. సీసా రుమాలులో చుట్టుకుని బయలుదేరాను. నర్సింగ్‌హోములో బెంచీల నిండా జనం. ఎవరినీ తోసుకుని పోలేను. మనసులో వాక్యం కట్టుకుంటూ, చెరిపేసుకుంటూ కూర్చున్నాను. నా వంతు వచ్చేసరికి కట్టుకున్న వాక్యమంతా పోయింది. సీసా బల్ల మీద పెట్టి, "గడ్డ కట్టిందమ్మా," అని మాత్రం అన్నాను.

డాక్టరమ్మ సీసాను ఊపి చూసి పక్కన పెట్టేసింది.

"కరిగినా పనికిరాదు. వేస్తే బిడ్డకు చెరుపేమీ లేదు, కానీ మనం వేసినామనుకుంటాం, అది పని చేయదు. అదీ ప్రమాదం. ఎట్లయింది?"

కోడిగుడ్ల సంగతి చెప్పాను. చెబుతుంటే నాకే నవ్వూ ఏడుపూ రెండూ వచ్చాయి. ఆమె కోప్పడుతుందనుకున్నాను. నుదురు రుద్దుకుని, "మా అత్త కూడా అట్లే చేసుండేది," అంది. తర్వాత టెలిఫోన్ తీసుకుని మద్రాసుకు ట్రంకు కాల్ వేసి, దుకాణంలో ఒక సీసా మా కోసం తీసి ఉంచమంది. "రేపే పోండి. ఇంక ఆలస్యం చేయొద్దు."

లేచి నిలబడ్డాక ఎలాగో అడిగాను. "ఇది దేంతో చేస్తారమ్మా?" అమ్మ అడిగితే చెప్పాల్సి వస్తుందని నా భయం. "ఈ క్రిమి ఉండే మనుషుల రక్తం నుంచే తీస్తారు. క్రిమి చచ్చిపోయేదాకా శుద్ధి చేసి, దాని పైతొక్కు మాత్రం మిగులుస్తారు," అంది. అమ్మకు ఇప్పుడే చెప్పకూడదని అప్పుడే నిశ్చయించుకున్నాను. నాయనకు మర్నాడు స్టేషనుకు పోయే దారిలో చెప్పాను. ఆయన కొంతసేపు నడిచి, "బిడ్డకు పొడిచినాక చెప్దాంలే," అన్నాడు.

బావ బడిలో టెలిఫోను లేదు. తంతి ఇచ్చినా ఆయన పలమనేరు నుంచి వచ్చి మళ్లీ మద్రాసు పోవాలి. అందుకని మర్నాడు పొద్దున రైలుకు నాయనా నేనూ బయలుదేరాం. నాయన సెలవు పెట్టగా నేను చూడటం అదే మొదటిసారి. నన్నెందుకు తీసుకెళ్లావని ఇప్పుడు అడిగితే, "నువ్వు సరిగ్గా విన్నదానివి కాబట్టి," అంటాడు.

మద్రాసులో ఆ మందుల దుకాణం చల్లగా, గాజు బీరువాలతో ఉంది. దుకాణమతను సీసా తీసి, మా ఫ్లాస్కులో ఐసు ముక్కలు పోసి, వాటి మధ్యలో దాన్ని దూర్చబోయాడు.

"వద్దు," అన్నాను.

అతను ఆగాడు. నాకు వచ్చిన కాస్త తమిళంలో, మిగతాది తెలుగులో, ఐసు సీసాకు తగలకూడదని చెప్పాను. ముందు దూది, దాని మీద గుడ్డ, దాని చుట్టూ ఐసు అని చేతులతో చూపించాను. అతను నాయన వైపు తిరిగి, "మీ పాప నర్సా సామీ?" అన్నాడు.

"కాదప్పా. నోరు విప్పదు. ఈరోజు విప్పింది," అన్నాడు నాయన.

దుకాణమతను నవ్వి, నేను చెప్పినట్టే కట్టి ఇచ్చాడు.

తిరుగు ప్రయాణం బస్సులో. ఫ్లాస్కు నా ఒళ్లో ఉంది. ఎండ వైపు కిటికీకి నాయన తన పైపంచె అడ్డం కట్టాడు. పుత్తూరు దాటాక పక్క సీటు పెద్దమనిషి ఫ్లాస్కు వైపు ఆశగా చూసి, "కాఫీనా సామీ? ఉంటే ఒక గుక్క మాకూ పొయ్యరాదూ," అన్నాడు.

"కాఫీ కాదప్పా," అన్నాడు నాయన. "మనవడిది."

"మనవడెక్కడ?"

"ఇంకా రాలేదు."

ఆయనకేం అర్థమయిందో గానీ, దిగేదాకా మా వైపు మళ్లీ చూడలేదు. నాయనకు నవ్వు ఆగలేదు. నిన్నటి నుంచి మా ఇద్దరికీ అదే మొదటి నవ్వు.

దీపాలు పెట్టే వేళకు ఇల్లు చేరితే తాళం వేసి ఉంది. పక్కింటి అత్త గోడ మీద నుంచి కేక వేసింది: "ఈడ లేరు, నర్సింగ్‌హోముకు పోండి! మధ్యాహ్నమే నొప్పులొచ్చినాయి. ఆడబిడ్డ! బాగుండాది! మందు తెచ్చినారా లేదా?"

నాయన మనవడన్నది మనవరాలయింది. రిక్షాలో నేను ఫ్లాస్కును రెండు చేతులా పట్టుకున్నాను. నర్సింగ్‌హోము వసారాలో అమ్మ గోడకు ఆనుకుని నిలబడి ఉంది. మమ్మల్ని చూసి ఎదురు రాలేదు. "దొరికిందా?" అన్న మాట కూడా పెదవులతోనే అడిగింది. నేను ఫ్లాస్కు చూపించాను.

డాక్టరమ్మ మూత తీసి, దూది విప్పి, సీసాను వేళ్ల మధ్య ఊపింది. కాసేపు బల్ల మీద నిలబెట్టి చూసింది. మేమూ చూశాం. అడుగున ఏమీ దిగలేదు.

"పుట్టి కొద్ది గంటలే అయింది. వేళకే తెచ్చినారు," అంది.

బిడ్డ తొడ నా రెండు వేళ్లంత కూడా లేదు. సూది దిగగానే కేకపెట్టి ఏడ్చింది. అక్క ముఖం తిప్పుకోకుండా చూసింది. అమ్మ మాత్రం కళ్లు మూసుకుని ఏదో గొణుక్కుంది. డాక్టరమ్మ అక్క వైపు వంగి, "ఇంక పాలివ్వు. భయం లేదు," అంది. ఆ మాట కోసమే అక్క మధ్యాహ్నం నుంచి చూస్తోందట. బిడ్డను తీసుకుని గోడ వైపు తిరిగి పడుకుంది.

రెండో సీసా, మూడో సీసా బావే తెచ్చాడు. వాటిని అత్త ఫ్రిజ్జు నడిమి అరలో, పాలగిన్నె పక్కనే పెట్టాం. అమ్మ రోజుకొకసారి వాకిట్లోంచి తొంగిచూసి, "ఆడనే ఉండాదా?" అని అడిగేది. గుడ్ల గురించి ఒక్క మాట అనలేదు. అత్త మాత్రం ఊరుకునే రకం కాదు. "అక్కా, ఐసు గదిలోకి మార్చమంటారా?" అని పెద్దగా అరిచేది. అమ్మ ముందు కోపం తెచ్చుకుని, తర్వాత నవ్వేసేది.

ఆరో నెల టీకా కూడా పడ్డాక ఒక పొద్దున, అమ్మ తీరిగ్గా ఉన్నప్పుడు, ఆ మందు మనుషుల రక్తం నుంచి చేస్తారని నాయన చెప్పేశాడు. నేను తలుపు చాటున నిలబడి విన్నాను.

"నా తమ్మునికి ఉండిన జబ్బే ఉండేవాళ్ల రక్తమా?"

"అదే."

"వాళ్లెవురో, యాడ ఉండారో. బతికుండారో లేదో." అమ్మ లేచి వంటింట్లోకి పోతూ అంది, "ఈరోజు ఆరగింపులో వాళ్ల పేరు చెప్పి ఇంకొంచెం చక్కెరపొంగలి చేస్తా. పేర్లు తెలియవు. పెరుమాళ్లకు తెలుసుంటాయిలే."

అయినా పరీక్ష మిగిలే ఉంది. బిడ్డకు ఏడాది దాటాక గానీ రక్తం తీసేది లేదని డాక్టరమ్మ ముందే చెప్పింది. ఆ ఏడాదంతా అక్క పలమనేరులో రోజూ పొద్దున బిడ్డను వాకిట్లో ఎండలోకి ఎత్తుకొచ్చి కనురెప్పలు లాగి చూసేదని బావ రాశాడు. కళ్లు పచ్చబడక్కరలేదని అక్కకూ తెలుసు. అయినా చూసేది. పసుపు పూసిన గడప పక్కన నిలబడితే ఆ రంగు బిడ్డ కళ్లలో కనిపించి అక్క ఒకసారి గట్టిగా అరిచిందట.

ఏడాది దాటాక అక్కా బిడ్డా తిరుపతి వచ్చారు. రక్తం ఇచ్చాం. ఫలితానికి నేనూ అమ్మా అక్కా బిడ్డా వెళ్లాం. అమ్మకు ఆ రోజు ఆమె పరీక్ష కూడా ఉంది. ముందు ఆమెది చూశారు. కార్జం మెత్తగానే ఉంది, వాపు లేదు, మళ్లీ ఆరు నెలలకు రమ్మన్నారు. అమ్మ అది విననే లేదు. "నాది కాదమ్మా, దానిది చెప్పండి," అంది.

డాక్టరమ్మ కాగితం అక్క చేతికే ఇచ్చింది. "లేదు," అంది. "క్రిమి లేదు. పైగా ఇంక దగ్గరికి రానీయని బలం కూడా వచ్చింది. మీ అమ్మకూ నీకూ ఉండేది ఈ పిల్ల దగ్గర ఆగిపోయింది."

అక్క కాగితాన్ని చదవలేదు. మడిచి బిడ్డ చొక్కాలో పెట్టింది, మళ్లీ తీసింది, మళ్లీ పెట్టింది. అమ్మ డాక్టరమ్మను, "ఇంకొకసారి చెప్పండమ్మా," అంది. డాక్టరమ్మ మళ్లీ చెప్పింది. ఈసారి మేమందరం నవ్వాం, అక్క కూడా. నవ్వుతూ నవ్వుతూ ఏడ్చింది. బిడ్డ భయపడి తానూ అందుకుంది.

మర్నాడు అక్కను దింపడానికి నేను పలమనేరు దాకా వెళ్లాను. తిరుపతి బస్టాండు దాటీ దాటకముందే అక్క నా భుజం మీదికి ఒరిగి నిద్రపోయింది. నోరు కొంచెం తెరిచి, చిన్నప్పుడు పరీక్షలు అయిపోయిన రోజు పడుకున్నట్టు. బిడ్డ నా ఒళ్లో కూర్చుని నా గాజులు లాగుతోంది. పూతలపట్టులో బస్సు ఆగింది, ఎవరో ఎక్కారు, ఎవరో దిగారు. చిత్తూరులో చాలాసేపు ఆగింది. వేరుశనగలమ్మే ఆమె కిటికీ దగ్గరికి వచ్చి గట్టిగా అరిచింది. అక్క కదల్లేదు. ఎన్నాళ్ల నిద్ర బాకీ ఉందో. బిడ్డ ఆమెను లేపబోతే చిన్న చెయ్యి పట్టుకుని నా వైపు తిప్పుకున్నాను. మొగిలి కొండ ఎక్కేసరికి చల్లగాలి వచ్చింది. అక్క కొంగు తీసి ఆమె చెవుల చుట్టూ కప్పాను.